ఇంటి మరమ్మతుకి అప్పా? వడ్డీ రేటు కంటే ముందు గడువు చూడండి

ఇల్లు బాగుచేయించడానికి అప్పు తీసుకునేవాళ్లు ఎవరైనా మొదట అడిగేది "వడ్డీ ఎంత?" అనే. అడగాల్సిందే. కానీ మా కాకినాడ ఇంటి పని కోసం నాలుగు చోట్ల తిరిగి, కాగితం మీద లెక్కలు వేసుకున్నాక నాకు ఒకటి గట్టిగా తెలిసింది. మరమ్మతు అప్పులో మన డబ్బు ఎక్కువగా పోయేది రేటు దగ్గర కాదు, ఎన్నేళ్లకు కడుతున్నాం అన్న దగ్గర. ఈ విషయం బ్యాంకు కౌంటర్లో ఎవరూ తమంతట తాము చెప్పరు, అందుకే రాస్తున్నాను.

ముందు పని సంగతి చెప్పాలి, ఎందుకంటే అప్పు ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. నాన్న 1990ల్లో కట్టించిన ఇల్లు అది. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి శ్లాబులో చువ్వలు తుప్పు పట్టాయి, వంటగదిలో పెచ్చులు రాలడం మొదలైంది. మేస్త్రీ గారు నిచ్చెన ఎక్కి సుత్తితో తడుతూ, బోలు శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తూ పోతే కప్పులో సగానికి పైగా ఆ గీతల్లోకే వచ్చింది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది, పైపైన సిమెంటు పూసి రంగేస్తే లోపల తుప్పు ఆగదు, కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, బాత్రూమ్‌లో వెస్టర్న్ కమోడ్, గోడకి పట్టుకునే కడ్డీ తప్పనిసరి. పాత వైరింగ్ కూడా మార్చాలి. అన్నీ కలిపి 6 లక్షలు. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ కూడా మాటల్లోకి వచ్చాయి గానీ వాటిని అప్పులో కలపకూడదని నేనే పట్టుబట్టాను. కప్పు కూలకుండా ఆపేదానికి అప్పు చేయొచ్చు, అందానికి మాత్రం జీతంలో మిగిల్చుకుని చేయించుకోవచ్చని నా అభిప్రాయం.

ఇక లెక్కలు. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ మీద ఇప్పటికే హోమ్ లోన్ నడుస్తోంది, దాని మీద టాపప్, అంటే ఉన్న హోమ్ లోన్ మీదే ఇచ్చే అదనపు అప్పు, 9 శాతానికి ఇస్తామన్నారు. పర్సనల్ లోన్ అయితే 13 శాతం. వినగానే ఎవరైనా టాపప్ అంటారు. కానీ బ్యాంకు ఆఫీసర్ టాపప్‌ని 15 ఏళ్లకి వేసి చూపించారు, ఎందుకంటే మా హోమ్ లోన్ ఇంకా అన్నేళ్లుంది, రెండూ కలిసి తీరిపోతాయని. ఈఎంఐ (నెలవారీ వాయిదా) 6,086 రూపాయలు, చాలా తేలిగ్గా కనిపిస్తుంది. 6 లక్షల పర్సనల్ లోన్ 5 ఏళ్లకైతే ఈఎంఐ 13,650 దాటుతుంది. ఇప్పుడు మొత్తం వడ్డీ చూడండి: 13 శాతం పర్సనల్ లోన్‌కి దాదాపు 2 లక్షల 19 వేలు, 9 శాతం టాపప్‌కి దాదాపు 4 లక్షల 95 వేలు! తక్కువ వడ్డీ అప్పుకే రెట్టింపు కంటే ఎక్కువ కట్టాలి. అదే టాపప్‌ని 5 ఏళ్లకి పెట్టించుకుంటే ఈఎంఐ 12,455, మొత్తం వడ్డీ లక్షా 47 వేలే. రేటు అదే, గడువు ఒక్కటే మారింది.

మేం 5 ఏళ్లకే అడిగాం, మొదట కొంచెం సణిగినా ఇచ్చారు. పైగా ఆ బాత్రూమ్ పైపులు, కుళాయిలు, వాటర్‌ప్రూఫింగ్ 15 ఏళ్లు ఉంటాయా? మళ్లీ పాడై, మళ్లీ బాగుచేయించి, పాత అప్పు ఇంకా కడుతూనే ఉంటే ఎంత బాధ! నెలకి 12 వేలు కట్టలేని పరిస్థితి ఉంటే 7 ఏళ్లకి తీసుకోండి, లేదా ఎక్కువ గడువుకే తీసుకుని బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో జమ చేయండి. ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌ని బట్టి మారే వడ్డీ) మీద వ్యక్తులు సొంత అవసరాలకి తీసుకున్న టర్మ్ లోన్‌ని ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటు కాబట్టి అక్కడ ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎంతో విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఒకచోట "పది శాతమే సార్" అన్నారు. ఫ్లాటా, రెడ్యూసింగా అని అడిగితే ఫ్లాట్ అన్నారు. ఫ్లాట్ అంటే అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే వేస్తూ పోవడం. రెడ్యూసింగ్ అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ వేయడం. 5 లక్షలకి 10 శాతం ఫ్లాట్, 5 ఏళ్లు అంటే వడ్డీ రెండున్నర లక్షలు, ఈఎంఐ 12,500. దీన్ని బ్యాంకులు మామూలుగా వాడే రెడ్యూసింగ్ లెక్కలోకి మారిస్తే 17 శాతం దాటుతుంది. మన ఊళ్లలో నూటికి రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం, దానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇలాంటివన్నీ ఒక్క కాగితంలో బయటపడతాయి. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ టర్మ్ లోన్లన్నింటికీ బ్యాంకులు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఫీజు, అంటగట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం అన్నీ కలిపితే ఏడాదికి మనకి నిజంగా పడే శాతం అదే. మనకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా నిబంధనలో ఉంది కాబట్టి నాన్నగారి లాంటివాళ్లు సంతకం పెట్టాల్సి వస్తే తెలుగులో అడగండి, మొహమాటపడకండి. ఆ కాగితంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుతాయి, "ఇవాళే సంతకం పెట్టాలి, రేపు రేటు మారిపోతుంది" అనే టెన్షన్ అక్కర్లేదు.

కాకినాడ ఇంటి మీదే అప్పు తీసుకోవచ్చుగా అని మా తమ్ముడు అడిగాడు. తీసుకోవచ్చు, కానీ ఇల్లు నాన్న పేరున ఉంది, ఆయన కూడా అప్పులో భాగస్వామి కావాలి, రిటైరైన మనిషి కాబట్టి గడువు, ఆదాయం ప్రశ్నలొస్తాయి. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీలు చూపే ధృవపత్రం), ప్లాను అన్నీ వెతకాలి. పల్లెటూళ్లో గ్రామకంఠం (ఊరి నివాస స్థలం)లో ఇల్లున్నవాళ్లకి ఇంకా కష్టం, రిజిస్టర్ అయిన దస్తావేజు లేకపోతే తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. వాళ్లలో చాలామంది చివరికి బంగారం మీదే తెచ్చుకుంటారు. లక్ష, రెండు లక్షల పనికి, ఏడాదిలో తీర్చగలమన్న నమ్మకం ఉంటే అది మంచి దారే. తీర్చలేక ఏటా రెన్యువల్ చేస్తూ పోయేలా ఉంటే మాత్రం వద్దు, అమ్మ గాజులు వేలానికి వెళ్లడం ఎవరం చూడగలం?

పన్ను మినహాయింపు వస్తుంది కదా అని ఎవరైనా ఊరిస్తే జాగ్రత్త. సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30 వేల వరకే వస్తుంది, అదీ ఇల్లు మన పేరున ఉంటేనే. కొత్త విధానంలో అదీ లేదు. మా విషయంలో ఇల్లు నాన్నది కాబట్టి నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

చివరగా దస్తావేజుల సంగతి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలని 2023 డిసెంబర్ నుంచి రూల్ ఉంది. కాగితాలు చేతికొచ్చాక ఈసీ ఒకటి తీయించి, తాకట్టు రద్దయినట్టు అందులో ఎక్కిందో లేదో మీ కళ్లతో చూసుకోండి.