మా పాప మోకాళ్లు, నా కొలతలు

మా పాపకు మూడున్నరేళ్లు. నిలబడితే మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, చీలమండల మధ్య మాత్రం నా మూడు వేళ్లు పడతాయి. ఏడాది వయసులో ఇదే పిల్లవి దొడ్డికాళ్లు. అప్పుడు "తొందరపడి నిలబెట్టారు, అందుకే వంగాయి" అన్నవాళ్లే ఇప్పుడు "మోకాళ్లు లోపలికి పోతున్నాయేంటి?" అంటున్నారు. నేను ఇళ్ల ప్లాన్లు గీసే మనిషిని. కోణం కనిపిస్తే కొలవకుండా ఉండలేను. అందుకే టెన్షన్ పడేకన్నా లెక్క తెలుసుకుందామని పిల్లల ఎముకల డాక్టరుని కలిశాను, కొంత చదివాను.

కడుపులో ముడుచుకుని పెరగడం వల్ల పుట్టినప్పుడు మోకాళ్లు 10 నుంచి 15 డిగ్రీల దాకా బయటికి వంగి ఉంటాయి. ఏడాదిన్నర, రెండేళ్లకు కాలు నిటారుగా వస్తుంది. అక్కడితో ఆగితే ఎవరికీ గొడవ లేదు. ఆగదు. నిటారుని దాటి లోపలికి వాలుతుంది. 3, 4 ఏళ్ల మధ్య ఆ వాలు బాగా ఎక్కువగా, 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. తర్వాత మెల్లగా తగ్గి, ఏడేళ్లు వచ్చేసరికి పెద్దవాళ్లకుండే ఐదారు డిగ్రీల దగ్గర కుదురుకుంటుంది. అవును, మన కాళ్లూ స్కేలు పెట్టి గీసినట్టు ఉండవు. 1975లో సలేనియస్, వాంకా అనే పరిశోధకులు వెయ్యి మందికి పైగా పిల్లల్లో ఈ కోణాన్ని కొలిచి, వయసు ప్రకారం గ్రాఫు గీశారు. నాకు ఆ గ్రాఫు చూశాకే ప్రాణం కుదుటపడింది.

"కండ పడితే మోకాలు సర్దుకోదా?" అని మా అమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. కండరాల పోగుల సంఖ్య చాలావరకు పుట్టేనాటికే ఖాయమవుతుంది. తర్వాత అవి లావెక్కుతాయి, పొడవు పెరుగుతాయి. ఎముక సాగుతుంటే దాని మీది కండరం లాగబడి, చివర్లలో కొత్త భాగాలు చేర్చుకుంటుంది. అంటే ఎముక ముందు, కండ వెనక. మోకాలి కోణం మారేది గ్రోత్ ప్లేట్లలో, అంటే ఎముక చివర్ల దగ్గర పొడవు పెరిగే మెత్తటి పొరల్లో. తొడ ఎముక పొడవులో 70 శాతం దాకా పెరిగేది మోకాలి దగ్గరి చివరే. అక్కడ లోపలి వైపు, బయటి వైపు పెరుగుదలలో కాస్త తేడా వస్తే చాలు, కాలు వాలుతుంది. పరుగులు, ఎక్కడాలు, గొంతుక్కూర్చుని లేవడాలు తొడలకి, పిక్కలకి బలమిస్తాయి, తూలకుండా నిలబెడతాయి. కోణాన్ని మాత్రం అవి దిద్దవు. ఈ మామూలు వాలుకి ప్రత్యేకమైన బూట్లు, పట్టీలు కూడా పనిచేయవు. వాటికి డబ్బు తగలేయడం నాకు ఒళ్లుమంట.

అలాగని అన్నిటికీ "అదే పోతుంది" అనకూడదు. ఒక్క కాలే వంగినా, రెండేళ్లు దాటాక దొడ్డితనం ఇంకా పెరుగుతున్నా, నొప్పి ఉన్నా, కుంటుతున్నా, వయసుకి తగ్గ ఎత్తు లేకపోయినా డాక్టరు చూడాల్సిందే. విటమిన్ డి తక్కువై వచ్చే రికెట్స్, కాలి ఎముక పైభాగం సరిగ్గా పెరగని బ్లౌంట్ జబ్బు ఇలాగే మొదలవుతాయి. చీలమండల మధ్య ఎడం 8 సెంటీమీటర్లు దాటినా, ఏడెనిమిదేళ్లకీ తగ్గకపోయినా అంతే.

మేం ఆర్నెల్లకోసారి ముందు నుంచి ఒక ఫోటో తీస్తున్నాం. పాదాలు కాదు, మోకాలి చిప్పలు కెమెరా వైపు చూడాలి. లేకపోతే కాలి మెలికనే వంపు అనుకుంటాం. అలా నిలబడమంటే మా పిల్ల నిలబడదు, అది వేరే తంటా.