జాన్‌పహాడ్‌లో కందూరు, పోచంపల్లిలో భూమి

నల్గొండ పల్లెల్లో నాట్లు పడే పొలం గట్టున నిలబడి "సైదులూ" అని కేకేస్తే ఇద్దరు ముగ్గురైనా తల తిప్పుతారు. సైదమ్మ, సైదిరెడ్డి, సైదానాయక్... ఈ పేర్లున్నవాళ్లలో హిందువులే ఎక్కువ. కడుపు పండాలని, పుట్టిన బిడ్డ నిలవాలని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పెట్టుకున్న పేర్లవి. మొక్కు ఉన్నాక చెల్లించాలి. మేం మా బంధువులతో వెళ్లింది అలాంటి మొక్కుకే.

జాన్‌పహాడ్ ఇప్పుడు సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో ఉంది, జిల్లాలు విడిపోకముందు నల్గొండే. మిర్యాలగూడ దాకా రైలుంది. అక్కడి నుంచి నేరేడుచర్ల, పాలకీడు మీదుగా రోడ్డు. ఉర్సు, అంటే దర్గా పండగ, ఏటా జనవరి చివర్లో, గురువారం మొదలై శనివారం దాకా. గంధం ఊరేగింపు శుక్రవారం. సాధారణంగా దర్గాల ఉర్సులు హిజ్రీ నెలల ప్రకారం వస్తాయి కాబట్టి ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ పోతాయి. ఇది మాత్రం జనవరిని వదలదు. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వడ్లు అమ్మి చేతిలో నాలుగు రూపాయలు ఆడేది అప్పుడే. పండగ తేదీ రైతు చేతిని బట్టి కుదురుకుందని మా అనుమానం.

మొక్కు తీర్చడానికే వెళ్లేవాళ్లు ఉర్సు రోజులు పెట్టుకోకపోవడం మేలు. గంధం చూడాలంటే సరే, కందూరు (మొక్కు మేకను అక్కడే కోసి, వండి పంచే విందు) చేయాలంటే ఆ తొక్కిసలాటలో పొయ్యికి చోటు, నీళ్లు, కట్టెలు మూడూ కష్టమే. ఏడాది పొడుగునా శుక్రవారాలు కందూర్లు జరుగుతూనే ఉంటాయి. పొద్దున్నే చేరుకుంటే చెట్టు కింద నీడ దొరుకుతుంది. పదకొండు దాటాక వెళ్తే వంట ఎండలోనే.

ముందు సఫాయి బావి దగ్గర స్నానం. తర్వాత తలకు రుమాలో కొంగో కప్పుకుని దర్గాకు. చాదర్, పూలు, ఊదు, చక్కెర, కొబ్బరికాయ బయటి కొట్లలోనే దొరుకుతాయి. దర్గాకు వచ్చినవాళ్లే నాగేంద్రుడి పుట్టకూ పసుపు కుంకుమ పెట్టి పోతారు. అక్కడికీ ఇక్కడికీ మధ్య ఎవరూ గీత గీయలేదు, గీయమని అడిగినవాళ్లూ లేరు.

అసలు పని కందూరు. ఈ వంటలో ఎవరి పని ఏమిటో ఖాయంగా ఉంటుంది, మత సామరస్యం అని మనం పెద్ద మాట వాడేది ఆ పంపకం మీదే నిలబడి ఉంది. మేకపోతును తెచ్చేది మొక్కున్న కుటుంబం. దువా చదివి జబా చేసేది, అంటే అల్లా పేరు మీద మేకను కోసేది, ముస్లిం. తోలు తీయడం, కొట్టడం, వండడం మళ్లీ కుటుంబానిదే. వండినదాని మీద ఫాతెహా (ఖురాన్ ప్రార్థన) చదివేది ముజావర్, అంటే దర్గా సేవకుడు. జబా చేసిన మాంసం కాబట్టి ముస్లింలూ తింటారు, మొక్కు ప్రసాదం కాబట్టి హిందువులూ తింటారు. ఒకే గిన్నెలోంచి ఇద్దరూ తినాలంటే వేరే దారి లేదు.

కొత్తగా వచ్చేవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. పని తగ్గుతుందని మేకను ఇంటి దగ్గరే కోయించి మాంసం డబ్బాల్లో తెస్తారు. కోసిన తీరు ఏదో తెలియని మాంసాన్ని పంచితే ముస్లింలు మర్యాదగా పక్కన పెట్టేస్తారు, మొక్కు సగమే తీరినట్టవుతుంది. మేకను నడిపించుకునే తీసుకురావాలి. కుంటిది, కన్ను పోయినది, జబ్బుది పనికిరాదు. పాతిక ముప్పై మందికి నిలువునా ఇరవై కిలోలు తూగే పోతు చాలు, అందులో దాదాపు సగం మాంసం వస్తుంది. బియ్యం ఏడెనిమిది మందికి కిలో చొప్పున లెక్క. డేగిశాలు, తెడ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. తాగునీళ్ల క్యాన్లు కూడా.

ఫాతెహా అయ్యేదాకా ఎవరూ నోట పెట్టరు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూడరు. ఇంట్లో నైవేద్యానికి ఉన్న నియమమే, ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నం, కూర ఒక పళ్లెంలో తీసి ముందు పెట్టి, నిప్పుల మీద ఊదు వేస్తారు. ముజావర్ చదువుతున్నంతసేపూ పొగ ఆ పళ్లెం మీదుగానే పోతుంది. ఆ పళ్లెంలోది ముందు పంచి, మిగతాది వడ్డిస్తారు. నీసు ముట్టనివాళ్లకు మలీద ఉంది. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు చేసి ఫాతెహా చదివించుకోవచ్చు, మొక్కులో తేడా ఏమీ రాదు. మాంసం తినేవాళ్లలోనూ ఇంట్లో శుక్రవారం నీసు వండని కుటుంబాలున్నాయి. దర్గా బాబా దగ్గర ఆ పట్టింపు తీసి పక్కన పెడతారు.

అయితే ఇక్కడ అన్నీ కలిసిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. దర్శనం వరుస అందరికీ ఒకటే, వెనుకబడిన కులమని పక్కకు జరగమనేవాళ్లు లేరు. పొయ్యిలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఎవరి బంతి వాళ్ల చుట్టాలది. హిందూ ముస్లిం మధ్య గోడ దర్గా తీసేసినంత సులువుగా కులం మధ్య గోడ తీయలేదు. ఊరికి తిరిగెళ్లాక భూమి ఎవరిదో, కూలి ఎవరో అనేది మారదు.

అందుకే తిరుగు ప్రయాణంలో నేరుగా హైదరాబాద్ పోకుండా పోచంపల్లి చూసి పోవాలని మా సలహా. సూర్యాపేట దగ్గర జాతీయ రహదారి ఎక్కి నకిరేకల్, చిట్యాల దాటి చౌటుప్పల్‌లో లోపలికి తిరగాలి. 1951లో గాంధీ శిష్యుడు వినోబా భావే హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వార్ధా వైపు నుంచి నడిచే వచ్చారు. సాయుధ పోరాటం, సైనిక చర్య నడుమ నలిగిపోయిన తెలంగాణ పల్లెల్లో నడవాలని శివరాంపల్లి నుంచి బయల్దేరి, ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. దళితులు తమకు 80 ఎకరాలు కావాలన్నారు, 40 మాగాణి, 40 మెట్ట. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. వినోబా నోట వచ్చిన మాట "సబ్ భూమి గోపాల్ కీ". అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా లెక్కేసి నా వాటా ఇవ్వండి అని దొరల్ని అడిగేవారు. చట్టం భాష కాదది, భక్తి భాష. ఆయన రాకముందే భూమి ప్రశ్నను తెలంగాణ ముందు పెట్టింది పోరాటమే అన్నది కూడా మర్చిపోకూడదు. తుపాకి భయం లేకుంటే ఎంతమంది లేచి నిలబడేవారో చెప్పలేం.

ఊళ్లో వినోబా పేరిట మందిరం ఉంది, ఎక్కువసేపు పట్టదు. చీరలు కొనడానికి వచ్చినవాళ్లు చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. అక్కడ పెద్దవాళ్లను అడగాల్సింది దానం కథ కాదు, ఆ తర్వాతి కథ. భూదానం వచ్చిన చాలాచోట్ల ఇచ్చిన భూముల్లో రాళ్లూ రప్పలూ ఎక్కువ. దానపత్రం మీద సంతకం ఉన్నా హద్దులు కొలవలేదు, కొలిచినా రికార్డులో పేరు మార్చలేదు. దాత పోయాక వారసులు మాకు తెలియదన్నారు. 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. ఆ చట్టం కింద పట్టా పొందిన కుటుంబం భూమిని దున్నుకోవచ్చు, వారసత్వంగా పొందవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు. హైదరాబాద్ చుట్టూ ధరలు పెరిగాక ఆ భూముల మీద నేటికీ కేసులు నడుస్తున్నాయి. అటువైపు ప్లాటు కొనే ఆలోచన ఉన్నవాళ్లు సర్వే నంబరు భూదాన జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే బయానా ఇవ్వండి.