పదిసార్లు ఎగరేస్తే

“పి విలువ 0.02 వస్తే మన ఊహ 98 శాతం నిజమని రాస్తున్నారండీ పిల్లలు!” పర్లాకిమిడి నుంచి వచ్చిన సైకాలజీ మేడం గారు ఇవాళ బరంపురం స్టాఫ్ రూంలో అన్న మాట.

గణాంక పరీక్షలో వచ్చే ఈ పి విలువ చెప్పేది అది కాదు. అసలు తేడాయే లేదనుకుంటే, ఇంత ఫలితం గానీ ఇంతకు మించింది గానీ వచ్చే అవకాశం 2 శాతం. నిర్వచనం బట్టీ పట్టిస్తే పరీక్షయ్యాక మిగలదు. రూపాయి బిళ్ళ ఎగరేయించాలి.

50 మంది క్లాసు, ఒక్కొక్కరు 10 సార్లు. తొమ్మిదో పదో ఒకే వైపు పడే అవకాశం 1024లో 22. అంటే సగటున క్లాసుకి ఒక్కరు. ఆ పిల్ల పదిలో తొమ్మిదిని గణాంకాల సాఫ్ట్‌వేర్ అయిన జాస్ప్‌లో బిళ్ళ రెండు వైపులా సమంగా పడుతోందా అని చూసే బైనామియల్ టెస్టుకిస్తే పి 0.021. పిల్లల లెక్కన బిళ్ళలో లోపముందన్నది 98 శాతం నిజం కావాలి, కానీ బిళ్ళలో లోపమేం లేదు! అక్కడ కాసేపు ఆగి పిల్లల్నే మాట్లాడనివ్వండి.

సగటున మూడు క్లాసుల్లో ఒకదాంట్లో ఎవరికీ అలా పడదు, అందుకే ముందే రెండు సెక్షన్లు కలపండి. బాగా పడలేదని మళ్ళీ ఎగరేస్తే లెక్కంతా పాడు. బొమ్మో బొరుసో ఎప్పటికప్పుడు రాయించాలి.

మిగతా కాగితాలూ దాచమన్నాను మేడం గారిని. వాటిని పారేసి ఆ ఒక్కటే ప్రచురిస్తే ఏమవుతుందో మర్నాటి పాఠం.