మా వీధిలో ఆకులు కాల్చడం ఎలా ఆగిందంటే

శివరాత్రి దాటితే విజయనగరంలో చెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి. ఆ ఆకుకి మనుషులు నిప్పు పెట్టడమూ అప్పుడే మొదలవుతుంది. కంటోన్మెంట్ వైపు మా వీధి నిండా కానుగ, వేప, బాదం చెట్లే. ఫాల్గుణమంతా తెల్లారేసరికి పొగ కమ్మేసేది. మా మావయ్యగారికి ఉబ్బసం. చల్లగాలి తగలాల్సిన వేళలో తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చునేవారు. 2025లో దీని సంగతి చూడాలని గట్టిగా అనుకున్నాను.

ముందు మా వీధి ఊడ్చే ఆవిడతో మాట్లాడాను. "ఇంతాకు ఎక్కడికి మొయ్యమంటావమ్మా? బండిలో పట్టదు. అగ్గిపుల్ల గీస్తే పోద్ది" అంది. ఆవిడ అన్నది న్యాయమే. వీధుల్లో చెత్త కాల్చకూడదని అప్పటికి అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే ఉండేది. ఆ నిబంధన చూపించి ఆవిడని భయపెట్టొచ్చు. కానీ మర్నాడు రాలే ఆకుని ఎక్కడ పొయ్యాలి? ఆకుకి చోటు చూపించకుండా కాల్చొద్దని చెప్పే హక్కు మనకి లేదని నా అభిప్రాయం.

కాలనీ పార్కులో ఓ మూల ఖాళీగా ఉంది. అక్కడ ఆకుని కుళ్లబెట్టి ఎరువు చేసుకుంటామని వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాను. వాసన వస్తే? ఎలకలు చేరితే? ఎండాకుకి నిప్పంటుకుంటే? అని అడిగారు. మూడూ అడగాల్సిన ప్రశ్నలే. పక్కనే కొళాయి ఉందని చూపించి, పార్కు చుట్టూ ఉన్న ఇళ్లవాళ్ల సంతకాలు తెచ్చిచ్చాక ఒప్పుకున్నారు. స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ప్రతి నెలా మూడో శనివారం జరుగుతుంది కదా, మార్చిలో ఆ రోజుకే పని పెట్టుకున్నాం. మున్సిపల్ కార్పొరేషన్ ట్రాక్టరు, కాలనీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు అందరూ కలిసి చుట్టుపక్కల వీధుల ఆకంతా ఒక్కచోటికి చేర్చారు.

అసలు పని ఆ తర్వాతే. ఇనుప వలని నాలుగడుగుల వెడల్పున గుండ్రంగా చుట్టి నిలబెట్టాం. అందులో జానెడు మందాన ఆకు, దానిమీద కూరగాయల తొక్కలు, ఆపైన పేడనీళ్లు. మళ్లీ ఆకు. ఇలా ఛాతీ ఎత్తు వరకూ వేశాం. ఒట్టి ఆకు కుళ్లాలంటే ఆరు నెలలు దాటుతుంది, ఏడాది పట్టినా పట్టొచ్చు. ఎండాకులో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. ఆకుని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి ఒక వంతు నత్రజనికి ముప్పై వంతుల కార్బన్ ఉంటే బాగా సరిపోతుంది. ఆ లోటుని పేడ, తొక్కలు తీరుస్తాయి. కుప్ప మూడడుగుల కంటే చిన్నదైతే వేడి నిలవదు. సరిగ్గా కుదిరితే లోపల 55 డిగ్రీలు దాటుతుంది, కలుపు గింజలు చచ్చిపోతాయి. మేం థర్మామీటరు కొనలేదు. ఇనుప ఊచ లోపలికి గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది.

చైత్రంలో మాకు పెద్ద టెన్షన్ తేమ గురించే. పైన గోనెలు కప్పి, బియ్యం కడిగిన నీళ్లు పోసేవాళ్లం. పిడికెడు తీసి గట్టిగా పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. ఈ లెక్క మాకు నేర్పింది గజపతినగరం వైపు నుంచి కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్న ఓ పెద్దావిడ. "గత్తం (ఎరువు) ఎండకూడదు, నానకూడదు. కింద గాలాడాలి, తిరగెయ్యండి" అని రోజూ వచ్చి చెప్పేవారు. పది పదిహేను రోజులకోసారి పారతో పైది కిందికి, కిందది పైకి తిరగేసేటప్పుడు ఆవిడ పక్కనే నిలబడి చూసేవారు. చదివి తెలుసుకున్నదానికంటే ఆవిడ దగ్గర నేర్చుకున్నదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మధ్యలో ఎవరో ఫంక్షన్‌లో మిగిలిన సాంబారన్నం తెచ్చి కుప్పలో పోసేశారు. రెండు రోజుల్లో వాసన గుప్పుమంది. పార్కుకి ఎదురింటివాళ్లు మొత్తం తీసేయించండని పట్టుబట్టారు. వాళ్లని తప్పుపట్టలేం, ఆ వాసన భరించాల్సింది వాళ్లే. తడిసి ముద్దైన భాగం బయటికి లాగి, ఎండాకు బాగా కలిపి తిరగేశాం. గాలి ఆడగానే వాసన పోయింది. వండినవి, పాల ప్యాకెట్లు వెయ్యొద్దని అప్పుడే బోర్డు రాసి పెట్టాం. మొదటిరోజే పెట్టుకోవాల్సిన బోర్డు అది. ఎవరైనా మొదలుపెడితే ముందు అది రాయించండి.

జూన్‌లో తొలకరి పడేసరికి కుప్ప మూడోవంతుకి దిగిపోయింది. నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంది. ఇసక జల్లెడతో జల్లించి సంచులకెత్తాం. మొదటి సంచి మా వీధి ఊడ్చే ఆవిడకే ఇచ్చాం. ఇంటి వెనక ఆనప, బీర పాదులు వేసుకుందట. మిగతాది ఎవరు ఎక్కువ తొక్కలు వేశారన్న లెక్కలు పెట్టకుండా ఇంటికో సంచి చొప్పున పంచాం.

మామిడాకు మాత్రం లొంగలేదు. మందంగా, మైనం పూసినట్టుంటుంది కాబట్టి జల్లెడలో అలాగే మిగిలిపోయింది. దాన్ని ముక్కలు చేసి, పేడ ఎక్కువేసి వేరే వలలో పెట్టాం. పక్క వీధిలో ఇంకా కాలుస్తూనే ఉన్నారు. వాళ్లు కూడా చోటు దొరికితే చేస్తామన్నారు. గుడి వెనక స్థలం కోసం ఈసారి రెండు వీధులవాళ్లం కలిసి దరఖాస్తు పెట్టాం.