అటక మీది ఆటల డిస్కులు లినక్సులోకి: ఆరు వారాల పని

అమలాపురం దగ్గర మా ఇంటి అటక మీదున్న ట్రంకుపెట్టెలో 1997 నుంచి 2003 మధ్య కొన్న పదకొండు విండోస్ ఆటల డిస్కులున్నాయి. వాటిని విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటరులో ఆడించాలని జూన్ చివర మొదలుపెట్టిన పని ఎంతవరకు వచ్చిందో రాస్తున్నాను.

మొదటి వారమంతా శుభ్రం చేయడానికే సరిపోయింది. కాలువ గట్టున ఉన్న ఇల్లు కావడంతో వానాకాలంలో గోడలే చెమరుస్తాయి. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ డిస్కును ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే, అంచు నుంచి లోపలికి సన్నని వేళ్లలా పాకిన బూజు కనిపించింది. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు. డిస్కు మీది ట్రాకు చుట్టూ తిరుగుతూ పోతుంది కనుక దాని వెంబడి పడిన గీత వరుసగా చాలా సమాచారాన్ని పోగొడుతుంది. అడ్డంగా పడినదాన్ని దోషసవరణ (పోయిన ముక్కను మిగతా సమాచారంతో తిరిగి కట్టే ఏర్పాటు) చాలావరకు పూడ్చగలదు.

రెండో వారంలో నకళ్లు తీయడం మొదలైంది. నా లెక్కలో అసలు పని ఇదే, ఎందుకంటే ఆట ఇవాళ నడవకపోయినా రేపు నడిపించుకోవచ్చు గానీ చదవలేని స్థితికి చేరిన డిస్కును ఎవరూ తిరిగి తేలేరు. గీతలున్న డిస్కులకు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము వాడాను. అది మొదట తేలికగా చదవగలిగినదంతా చదివి, మొండికేసిన సెక్టార్ల (డిస్కు మీది చిన్న సమాచార ముక్కల) కోసం తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏది వచ్చిందో ఏది రాలేదో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. నడుమ రెండుసార్లు కరెంటు పోయినా, ఆ ఫైలు ఉండబట్టి ఆగినచోటు నుంచే సాగింది. ఒక డిస్కులో 14 సెక్టార్లు, అంటే 28 కిలోబైట్లు, ఎంతకీ రాలేదు. రాజోలులోని మా బావగారి పాత డెస్క్‌టాప్ డ్రైవులో అదే మ్యాప్ ఫైలుతో ప్రయత్నిస్తే అవి కూడా వచ్చాయి. డ్రైవు మారితే ఫలితం మారుతుందని అప్పుడు స్వయంగా చూశాను.

మూడో వారంలో నా పొరపాటొకటి బయటపడింది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ నకలును ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్కులోని డేటా అంతా ఒకే ఫైలులో ఉండేలా తీశాను. ఆట నడిచింది గానీ డిస్కులోని సంగీతం రాలేదు. ఆ డిస్కులో మొదటి ట్రాకు మాత్రమే డేటా, మిగిలినవి మామూలు పాటల సీడీలో ఉండేలాంటి ఆడియో ట్రాకులు. ఐఎస్ఓలోకి డేటా ట్రాకులోని సెక్టారుకు 2048 బైట్లు మాత్రమే చేరతాయి, ఆడియో ట్రాకులు అసలే చేరవు. అందుకని సీడీఆర్‌డీఏఓ అనే ప్రోగ్రాముతో సెక్టారుకు 2352 బైట్ల చొప్పున డిస్కు మొత్తాన్ని మళ్లీ తీసి, సీడీఈమ్యూ అనే కృత్రిమ డ్రైవులో పెట్టాను. చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాలు విన్న ఆ డప్పుల చప్పుడు స్పీకర్లలోంచి వచ్చినప్పుడు కాసేపు ఆట ఆడకుండా వింటూ కూర్చున్నాను.

విండోస్ ప్రోగ్రాములను లినక్సులో నడిపే వైన్ అమరిక అంత కష్టం కాలేదు. ఒక్కో ఆటకు ఒక్కో ప్రిఫిక్స్ (వైన్ తన సి డ్రైవునూ సెట్టింగులనూ ఉంచుకునే ఫోల్డరు) పెట్టుకోవడం మంచిది. 32 బిట్ ప్రిఫిక్స్ కావాలంటే దాన్ని సృష్టించేటప్పుడే చెప్పాలి, తర్వాత మార్చడం కుదరదు. వైన్ సెట్టింగులలో డ్రైవులున్న చోట డి అక్షరానికి డిస్కు మౌంటైన (లినక్సులో తెరుచుకున్న) ఫోల్డరు చూపించి, రకాన్ని సీడీరామ్‌గా ఎంచుకోవాలి. ఇది చేయకపోవడం వల్లే మూడు ఆటలు డిస్కు కళ్లెదుటే ఉన్నా పెట్టమని అడుగుతూ వచ్చాయి. రెండు డిస్కుల ఆటను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఆ డిస్కు ఫోల్డరులో నిలిచి ఉంటే డిస్కు బయటికి రాదు. ముందే హోమ్ ఫోల్డరుకు మారి ఇన్‌స్టాలర్‌ను మొదలుపెట్టాలి. ఆ కాలపు కొన్ని ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వి, అంటే ఇంకా పాత తరం విండోస్ పద్ధతిలో రాసినవి. 64 బిట్ విండోస్ వాటిని తెరవదు, నా దగ్గరున్న రెంటినీ వైన్ తెరిచింది.

ఐదో వారంలో తెర సమస్య వచ్చింది. ఆట 800×600కు మారి, మూసేశాక డెస్క్‌టాప్ ఐకాన్లన్నీ ఒక మూలకు చేరేవి. పాత ఆటలు బొమ్మ గీయడానికి వాడే డీడ్రా లైబ్రరీకి బదులు పనిచేసే సీఎన్‌సీ-డీడ్రా ఫైలును ఆట ఫోల్డరులో పెట్టి, వైన్ లైబ్రరీల జాబితాలో డీడ్రాకు బయటి ఫైలునే ముందు తీసుకోమని చెప్పాక తెర మారకుండా, బొమ్మ సాగిపోకుండా నిండుగా వస్తోంది.

ఇప్పటికి పదకొండింటికీ నకళ్లున్నాయి, ఎనిమిది ఆటలు నడుస్తున్నాయి. ఒకదానికి సేఫ్‌డిస్క్ అనే, నకళ్లను అడ్డుకునే రక్షణ ఉంది. దాని డ్రైవరును విండోస్ 10 కూడా వదిలేసింది, వైన్‌లో నా ప్రయత్నాలు ఫలించలేదు. మిగిలిన రెంటిలో మాట వినిపిస్తోంది గానీ వీడియోలు నల్లగా వస్తున్నాయి, వచ్చే ఆదివారం వాటి కోడెక్‌ల (వీడియోను విప్పి చూపే భాగాల) సంగతి చూడాలి. డిస్కులను ఈసారి సిలికా జెల్ పొట్లాలతో బిగుతు మూతల డబ్బాలో సర్ది, ట్రంకుపెట్టెలో కాకుండా బీరువా పై అరలో పెట్టాను.