ఆగస్టు 29న కాలికట్ వదిలితే ఏమవుతుంది

వాస్కో డ గామా 1498 ఏప్రిల్ 24న ఆఫ్రికా తూర్పు తీరంలోని మలిందిలో తెరచాపలెత్తాడు. మే 20న కాలికట్ దగ్గర లంగరు వేశాడు. అంటే 26 రోజులు. అదే అరేబియా సముద్రాన్ని తిరుగు ప్రయాణంలో దాటడానికి మూడు నెలలకు మూడు రోజులే తక్కువ పట్టింది. ఓడలు అవే, నావికులు వాళ్లే. నెల ఒక్కటే వేరు.

కొత్త సముద్ర మార్గాల గురించి బడి పుస్తకాల్లో పేర్లుంటాయి, సంవత్సరాలుంటాయి, గాలి మాత్రం ఉండదు. నన్నడిగితే గాలి లేకుండా ఈ కథ అర్థమే కాదు.

ముందు అట్లాంటిక్ సంగతి. మొరాకో నుంచి కేప్ వెర్డే దీవుల దాకా ఏడాదిలో ఎక్కువ భాగం ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది, తీరం వెంట ప్రవాహం కూడా దక్షిణానికే లాగుతుంది. పోర్చుగల్ నుంచి దిగువకు పోవడం తేలిక, చిక్కంతా వెనక్కి రావడంలోనే. 1434లో పోర్చుగీసు నావికుడు గిల్ ఇయానెష్ ఆఫ్రికా పడమటి తీరంలోని బొజదోర్ అగ్రాన్ని దాటాక, అక్కడి నుంచి ఇల్లు చేరే ఉపాయం క్రమంగా కుదిరింది. తీరం పట్టుకుని గాలికి ఎదురీదకుండా, గాలిని కుడి పక్కన ఉంచుకుని వాయవ్యంగా నడిసముద్రంలోకి వెళ్లడం. అజోర్స్ దీవుల దరిదాపులకు, అంటే దాదాపు 38 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరితే పడమటి గాలి దొరుకుతుంది. అది వీపున తోస్తూ లిస్బన్ చేరుస్తుంది. దారి చాలా పొడవు, అయినా రోజులు తక్కువ.

భూమధ్యరేఖకు దిగువన ఇదే బొమ్మ తలకిందులుగా ఉంటుంది. అక్కడ ఆగ్నేయ గాలి, ఉత్తరానికి పారే ప్రవాహం, రెండూ దిగువకు పోయే ఓడకు ఎదురే. పోర్చుగల్‌కే చెందిన బార్తొలొమ్యు దియాష్ తీరం వెంటే అవస్థపడుతూ దిగి, చివరికి సముద్రంలోకి మళ్లి, పడమటి గాలి అందుకుని 1488లో ఆఫ్రికా కొన దాటాడు. గామా ఆ పాఠాన్ని మొదటినుంచే అమల్లో పెట్టాడు. 1497 ఆగస్టు 3న కేప్ వెర్డే దీవుల్లోని శాంటియాగో వదిలి అట్లాంటిక్‌లోకి పెద్ద చుట్టు తిరిగాడు. మళ్లీ నేల కనబడింది నవంబరు 4న. అప్పటికి 93 రోజులు. కొలంబస్ 1492లో కెనరీ దీవులు వదిలాక నేల చూడటానికి పట్టింది 36 రోజులేనని గుర్తుంచుకుంటే, ఓడ నడిపే పనిగా ఏది కష్టమో తెలుస్తుంది. తర్వాత 1500లో 13 ఓడలతో బయల్దేరిన పోర్చుగీసు నావికుడు కబ్రాల్‌కు ఇచ్చిన సలహా కూడా ఇలాంటిదే: నాలుగు నెలలకు సరిపడా మంచినీళ్లుంటే దారిలో ఆగొద్దు, గాలి వెనకనుంచి ఉన్నంతసేపు దక్షిణానికి పో, ఆఫ్రికా కొన ఉన్న అక్షాంశం వచ్చాక తూర్పుకు తిరుగు. అలా పడమటికి జరిగిన ఆ చుట్టులోనే ఏప్రిల్ 22న అతనికి బ్రెజిల్ తగిలింది.

ఇక్కడ అసలు సమస్య, ఆ అక్షాంశం వచ్చిందని తెలిసేదెలా? ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఎత్తు కొలిస్తే చాలు, భూమధ్యరేఖ దగ్గరకు వచ్చేసరికి అది దిగంతంలో మునిగిపోతుంది. ఇక మధ్యాహ్న సూర్యుడే దిక్కు. నడినెత్తిన ఉన్న బిందువుకు సూర్యుడు ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడో కోణాలు కొలిచే పరికరం ఆస్ట్రోలాబ్‌తో చూడాలి. ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన, ఎంత దక్షిణాన ఉన్నాడో పట్టికలో చూసి, సందర్భాన్ని బట్టి కలపాలి లేదా తీసేయాలి. ఉదాహరణకు సూర్యుడి ఎత్తు 76 డిగ్రీలు, అంటే నడినెత్తికి 14 డిగ్రీల దూరం. సూర్యుడు మీకు ఉత్తరాన ఉన్నాడు, పట్టికలో 19 డిగ్రీల దక్షిణం అని ఉంది. 14కు 19 కలిపితే మీరు 33 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉన్నట్టు. ఆ పట్టికలు యూదు ఖగోళవేత్త అబ్రహాం జకుతోవి, 1496లో పోర్చుగల్‌లోనే అచ్చయ్యాయి.

లెక్క తేలికే, కొలతే కష్టం. ఓడ ఊగుతుంటే వేలాడే పరికరమూ ఊగుతుంది. ఒక్క డిగ్రీ తప్పితే నేల మీద 111 కిలోమీటర్ల తేడా. అందుకే గామా ఆఫ్రికా నైరుతి తీరంలోని సెయింట్ హెలీనా అఖాతంలో పెద్ద చెక్క ఆస్ట్రోలాబ్‌ను ఒడ్డుకు దింపించి కొలిచాడని చెబుతారు. అతను చేరిన చోటు ఆఫ్రికా కొనకు రెండు డిగ్రీల లోపే ఉత్తరాన ఉంది. మూడు నెలలు నేల చూడనివాడికి అది మెచ్చుకోదగ్గ గురి. రేఖాంశం కొలిచే దారి మాత్రం లేదు. తూర్పు పడమరల లెక్కంతా వేగాన్ని కంటితో అంచనా వేసి రాసుకున్నదే.

హిందూ మహాసముద్రంలోకి వచ్చాక తెలివంతా స్థానికులదే. మలింది పాలకుడు మార్గదర్శకుణ్ణి ఇచ్చాడు. అతను అహ్మద్ ఇబ్న్ మాజిద్ అని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తున్నారు. చరిత్రకారులు ఒప్పుకోరు, తర్వాతి పోర్చుగీసు చరిత్రలు గుజరాతీ అంటాయి. ఎవరైనా గాని, అతనికి నైరుతి రుతుపవనాల సంగతి తెలుసు. మే నెలలో చేరకపోతే జూన్ నుంచి మలబారు రేవుల్లో అలల ధాటికి ఓడ నిలవదు. కాలికట్ దగ్గర దిగాక కూడా, అక్కడి సముద్రపు అడుగు మంచిది కాదని స్థానిక నావికులు ఓడల్ని ఉత్తరాన పంతలాయిని రేవుకు మార్పించారు.

వ్యాపారం సాగలేదు. కాలికట్ రాజు జామొరిన్‌కు తెచ్చిన కానుకలు 12 చారల గుడ్డలు, నాలుగు ఎర్రటి తలముసుగులు, ఆరు టోపీలు, నాలుగు పగడాల దండలు, ఆరు చేతులు కడిగే గిన్నెలు, కొంచెం చక్కెర, నూనె, తేనె. మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడు కూడా ఇంతకన్నా ఎక్కువ ఇస్తాడని అధికారులు నవ్వారు.

సుంకాల గొడవ ముదిరి గామా ఆగస్టు 29న బయల్దేరాడు. పడమటికి తీసుకుపోయే ఈశాన్య గాలి నవంబరులో గాని కుదురుకోదు. అరబ్బు వర్తకులు అందాకా రేవులోనే ఆగేవాళ్లు. గామా గోవాకు దక్షిణాన ఉన్న అంజెదీవ దీవిలో ఓడల అడుగు గీకించి, అక్టోబరు 5న సముద్రంలోకి వెళ్లాడు. రెండు గాలుల మధ్య కాలం అది. కొన్నిరోజులు ఆకు కదలదు, కొన్నిరోజులు ఎదురుగాలి. ఎండు రొట్టె, ఉప్పు మాంసం తప్ప పచ్చిది లేకపోతే ఒకటి నుంచి మూడు నెలల్లో ఒంట్లో సి విటమిన్ అడుగంటుతుంది. చిగుళ్లు ఉబ్బి పళ్లను కప్పేస్తే తినడం కుదరదు, కాళ్లు వాస్తాయి. దీన్నే స్కర్వీ అంటారు. ఈ దాటడంలోనే 30 మంది చనిపోయారు. అంతకుముందు పోయినవాళ్లూ అంతమందే. ఓడకు పనిచేయగలిగినవాళ్లు ఏడెనిమిది మందే మిగిలారు. 1499 జనవరి 2న ఆఫ్రికా తూర్పు తీరంలోని మొగదిషు కనబడింది. 7న మలింది చేరి నారింజలు తెప్పించారు, కొందరికి అప్పటికే ఆలస్యమైంది. మూడు ఓడలు నడిపే మనుషుల్లేక వాటిలో ఒకదాన్ని, సావ్ రఫాయెల్‌ను తగలబెట్టారు.

తర్వాతి పోర్చుగీసు ఓడలు తేదీలకు కట్టుబడటం నేర్చుకున్నాయి. మార్చిలో, మహా అయితే ఏప్రిల్ మొదట్లో లిస్బన్ వదలాలి. జూలై, ఆగస్టుల్లో మొజాంబిక్ దాటాలి. నైరుతి జోరు తగ్గే సెప్టెంబరుకు గోవా గాని కొచ్చి గాని చేరాలి. తిరుగు ప్రయాణం డిసెంబరు చివర, జనవరిలో. లిస్బన్‌లో సరుకో డబ్బో అందక నెల ఆలస్యమైన ఓడకు ఆ గాలి అందేది కాదు. అది మొజాంబిక్ దీవిలోనే నెలల తరబడి వచ్చే ఏటి నైరుతి కోసం కాచుకునేది. సముద్రంలో స్కర్వీ తప్పించుకున్నవాళ్లను అక్కడి జ్వరాలు పట్టేవి.