మిషన్‌లో మొదటి క్రిస్మస్: బెంగళూరులో నా అనుభవం

మిషన్‌లో, అంటే సంఘం తరఫున ఇల్లు వదిలి సువార్త సేవకు వెళ్ళి, ఉన్నవాళ్ళకు డిసెంబరు 25 చాలా కష్టంగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో అది నిజం కాదు. ఆ రోజు బాగానే గడిచిపోతుంది. దానికి ముందుండే మూడు వారాలే మనిషిని కుంగదీస్తాయి. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది రాజమండ్రి. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో ఉన్నాం. బయట మమ్మల్ని మోర్మన్లు అంటారు. సంఘాన్ని పూర్తి పేరుతోనే పిలవమని 2018లో అప్పటి అధ్యక్షులు రస్సెల్ ఎం. నెల్సన్ గారు కోరారు కాబట్టి మేం ఆ పేరే చెప్పుకుంటాం. మా సంఘంలో అబ్బాయిలు 18 ఏళ్ళు నిండాక రెండేళ్ళపాటు, అమ్మాయిలు 18 నెలలపాటు మిషన్ సేవకు వెళ్ళవచ్చు. నేను వెళ్ళినప్పుడు అమ్మాయిలకు 19 నిండాలి, 2025 నవంబరు నుంచి వాళ్ళకూ 18 చాలు. జీతం ఉండదు. ఏ ఊరు అనేది మన చేతిలో ఉండదు, పిలుపు ఎక్కడికి వస్తే అక్కడికే. 2022లో నాకు ఇండియా బెంగళూరు మిషన్ వచ్చింది. 'అమ్మయ్య, శేషాద్రి ఎక్కితే మర్నాటికి అక్కడే కదా' అని మావాళ్ళంతా సంతోషపడ్డారు. కానీ మిషన్‌లో దూరం రైలు గంటల్లో కొలిచేది కాదు. పండగకి రాకూడదు, పెళ్ళికి రాకూడదు. పక్క ఊళ్ళో ఉన్నా అంతే.

పొద్దున్నే ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. మధ్యలో లేఖనాల అధ్యయనం, ఇళ్ళకు వెళ్ళి కలవడం, సేవ. ఎక్కడికి వెళ్ళినా కంపానియన్‌తోనే, అంటే మనకు జతగా వేసిన మిషనరీతోనే వెళ్ళాలి, ఒంటరిగా వెళ్ళకూడదు. సోమవారం మాత్రం మా సొంత పనుల రోజు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోను చేయడం ఆ రోజే. ఈ వారం వారం ఫోను 2019 ఫిబ్రవరి నుంచి వచ్చిన వెసులుబాటు. అంతకుముందు క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి, అంతే. మిగతా ఏడాదంతా ఉత్తరాలు, ఈమెయిళ్ళు. మా మావయ్య ఆ రోజుల్లో మిషన్ చేశాడు. 'ఆ ఒక్క ఫోను కోసం నవంబరు నుంచే మాటలు కూడబెట్టుకునేవాణ్ణి' అని చెప్తుంటాడు.

మావయ్య కంటే నేను అదృష్టవంతురాలిననే వెళ్ళాను. నిజంగానే మామూలు నెలల్లో ఆ ఫోను ఎంతో ధైర్యం ఇస్తుంది. కానీ డిసెంబరులో అదే ఫోనులో పండగ వారం వారం మా ఇంటికి దగ్గరవుతూ కనిపిస్తుంది. మొదటి సోమవారం నాన్న స్టూలెక్కి గుమ్మం ముందు స్టార్ కడుతున్నారు. తమ్ముడు కింద నిలబడి వైరు అందిస్తున్నాడు. ఆ మరుసటి వారం అమ్మ అరిసెలకి బియ్యం నానబోసింది. ఫోను తిప్పి ఆ గిన్నె కూడా చూపించింది. నేను చూస్తే సంతోషిస్తానని పాపం ఆవిడ ఆశ. ఫోను పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. ఆ వారమంతా లేఖనాలు చదువుతున్నా మనసు ఇంటి వంటగదిలోనే తిరిగేది. ఎవరింటికైనా వెళ్తే అక్కడ ఉన్నంతసేపూ నవ్వుతూ మాట్లాడేదాన్ని. బస్సెక్కగానే బెంగ మళ్ళీ మొదలు.

నా కంపానియన్ కోయంబత్తూరు అమ్మాయి. నాకంటే ముందు మిషన్‌కి వచ్చింది, అప్పటికే ఒక క్రిస్మస్ దాటిన మనిషి. ఆమె నన్ను ఊరడించాలని చూడలేదు. ఒక రాత్రి పడుకోబోయే ముందు, "సిస్టర్, డిసెంబరులో మీ ఇంట్లో నువ్వు చేసే పనులేంటి?" అని అడిగింది.

చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. పిండి జల్లించేది నేను. అమ్మ పాకం పట్టి పిండి కలుపుతుంటే అరిసెలు తట్టేది నేను. కర్టెన్లు ఉతికి ఇస్త్రీ చేసేది, టైలరు చుట్టూ తిరిగి జాకెట్లు తెచ్చేది, పండగ రోజు వీధిలో అందరిళ్ళకూ పళ్ళేల్లో పిండివంటలు పంచేది నేను. పక్కింటి ఆంటీ వాళ్ళు సంక్రాంతికి మాకు పంపిస్తారు, క్రిస్మస్‌కి మేం వాళ్ళకి పంపిస్తాం. ఆ పళ్ళెం నేను తీసుకెళ్ళకపోతే ఆవిడ ఒప్పుకోదు.

అదంతా చెప్పాక నాకే అర్థమైంది. నా బెంగ పండగ గురించి కాదు, పండగ పనుల గురించి. క్రీస్తు పుట్టిన రోజు బెంగళూరులోనూ వస్తుంది, ఆరాధన ఇక్కడా ఉంటుంది. ఇక్కడ లేనిదల్లా నా చేతికి పని. మన ఇళ్ళల్లో పండగంటే ముందు పనే కదా. అది పోతే ఎంత పెద్ద పండగైనా చుట్టాలింట్లో పెళ్ళి చూస్తున్నట్టే ఉంటుంది.

అందుకని పని వెతుక్కున్నాం. మా సంఘంలో నెల్లూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక మామ్మగారు ఉన్నారు. కె.ఆర్.పురం దగ్గర అపార్టుమెంటు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆ ఏడాది పిండివంటలేవీ వద్దనుకున్నారట. మేం వెళ్ళి చేసిపెడతామంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. అటక మీద నుంచి గులాబీ పువ్వుల అచ్చు దింపించారు. ఇనుపది, పొడుగాటి కడ్డీ, చివర రేకుల చక్రం. వాళ్ళత్తగారి నాటిదట.

మైదా, బియ్యప్పిండి, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు వేసి జారుగా కలపమన్నారు. మొదటి నాలుగైదు పువ్వులు అచ్చుకి అతుక్కుపోయి ముక్కలయ్యాయి. మామ్మగారు కుర్చీ పొయ్యి దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

"ఏందమ్మా ఆ తొందర? అచ్చు నూనెలోనే ఉండనీ. బాగా కాగాలి. చల్లటి అచ్చు పిండిలో పెడితే పిండి పట్టుకోదు. ఆఁ, ఇప్పుడు ముంచు. పూర్తిగా కాదు, ముప్పావు వంతే. పైదాకా మునిగిందంటే ఇంక పువ్వు ఊడి రాదు."

ఆవిడ చెప్పినట్టే ముంచితే చుయ్యిమంది. మళ్ళీ నూనెలోకి దింపి ఒక్క క్షణం ఆగి కడ్డీని మెల్లగా ఆడిస్తే పువ్వు తనంతట తనే విడిపోయి తేలింది. ఆ తర్వాత ఒక్కటి కూడా విరగలేదు. నేను ముంచుతుంటే కంపానియన్ తిప్పి తీసింది. వాళ్ళ ఊళ్ళో వీటిని అచ్చు మురుక్కు అంటారని చెప్పింది. సాయంత్రానికి రెండు స్టీలు డబ్బాలు నిండాయి. ఆ అపార్టుమెంటులో ప్రతి గడపకూ పళ్ళెం పట్టుకుని వెళ్ళింది మేమిద్దరమే. ఆ రాత్రి, డిసెంబరు మొదలయ్యాక తొలిసారిగా, మంచం ఎక్కగానే నిద్రపట్టింది.

అలా ఇళ్ళకు వెళ్ళినప్పుడు వచ్చే ఒక చిన్న చిక్కు గురించి కూడా చెప్పాలి. బెంగళూరులో ఎవరింటికి వెళ్ళినా ముందు ఫిల్టర్ కాఫీ వస్తుంది. మేం కాఫీ, టీ తాగం. ప్రేమగా తెచ్చిన గ్లాసు వద్దంటే నొచ్చుకుంటారు. అందుకని గుమ్మంలో అడుగుపెట్టగానే "ఆంటీ, మాకు మజ్జిగ ఉంటే ఇవ్వండి" అని మేమే అడిగేసేవాళ్ళం. అడిగి తీసుకుంటే ఇచ్చేవాళ్ళకూ తృప్తిగా ఉంటుంది. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

డిసెంబరులో మా సంఘం ప్రపంచమంతటా లైట్ ది వరల్డ్ అని రోజుకో సేవ చేయమంటుంది. 2016 నుంచి ఏటా జరుగుతోంది. మేమూ చేశాం. వృద్ధుల ఇళ్ళు సర్దాం, పిల్లలకు పాటలు నేర్పాం. ఆ ఏడాది నాకు ఎక్కువ బలమిచ్చింది మాత్రం జోన్ కాన్ఫరెన్స్, అంటే ఆ ప్రాంతంలోని మిషనరీలందరూ కలిసే సభ. క్రిస్మస్ ముందు మా మిషన్‌ను నడిపే ప్రెసిడెంట్ గారు, వాళ్ళావిడ మా అందర్నీ ఒకచోట చేర్చి భోజనం పెట్టారు. తెలుగువాళ్ళలో మన సంఘం ఎలా మొదలైందో చెప్పమని నన్ను నిలబెట్టారు.

నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు ఉద్యోగరీత్యా పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఉంటూ అక్కడ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎల్సీ గారి నాన్నగారు శ్రీనివాసం గారు బాప్టిస్టు పాదిరి. బైబిలుతో పాటు మేం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించింది ఆయనే. ఎంపిక చేసిన భాగాలు 1982లో పుస్తకంగా వచ్చాయి. ఈ కథ ఎన్నోసార్లు విన్నాను గానీ, అందులో డిసెంబరు ఉందని ఆ రోజు నిలబడి చెబుతున్నప్పుడే తట్టింది. వాళ్ళు క్రిస్మస్‌ నెలలో సముద్రాలు దాటి సొంతవాళ్ళ దగ్గరకు మిషన్ మీద వచ్చారు. నేను అదే నెలలో సొంతవాళ్ళను వదిలి మిషన్ మీద ఉన్నాను. ఆ 22 మందితో మొదలైన సంఘంలో పుట్టి పెరిగినదాన్ని నేను. నా గొంతు వణికింది, కానీ బాధతో కాదు.

24 రాత్రి గురించి మా అమ్మమ్మకు పెద్ద దిగులు. ఆవిడ లూథరన్. "అర్ధరాత్రి ఆరాధన లేని క్రిస్మస్ ఏం క్రిస్మస్సే?" అని ప్రతి ఏడూ అంటుంది. మా సంఘంలో అర్ధరాత్రి ఆరాధన, 31న కొత్త సంవత్సరం కోసం మేలుకుని చేసే వాచ్ నైట్ ఆరాధన ఉండవు. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మమ్మకు తోడుగా నేనూ వాళ్ళ చర్చికి వెళ్ళేదాన్ని. బెంగళూరులో ఆ రాత్రి పదిన్నరకే దీపాలు ఆర్పేశాం. చలి గట్టిగా ఉంది. లూకా సువార్త రెండో అధ్యాయం నేను తెలుగులో, కంపానియన్ తమిళంలో చెరో వచనం చదువుకుని పడుకున్నాం.

ఆ ఏడాది క్రిస్మస్ ఆదివారం వచ్చింది. అందుకని ఆ రోజు సంస్కార కూడిక ఒక్కటే పెట్టారు. రొట్టె, నీళ్ళు తీసుకుని, రెండు ప్రసంగాలు విని, పాటలు పాడుకున్నాం. మధ్యాహ్నం ఒక తెలుగు కుటుంబం భోజనానికి పిలిచింది. కోడి బిర్యానీ, గారెలు, పెరుగుపచ్చడి. తిన్నాక ఇంటికి ఫోను చేశాం. క్రిస్మస్ రోజు మాట్లాడటానికి అనుమతి ఉంటుంది.

నేను ఏడుస్తానేమోనని అమ్మ, అమ్మ ఏడుస్తుందేమోనని నేను, ఇద్దరం కాసేపు ఏవేవో మాట్లాడుకున్నాం. నాన్న ఫోను తీసుకుని "దేవాలయం ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగారు. భారతదేశంలో మా సంఘానికి మొదటి దేవాలయం అప్పుడు బెంగళూరులోనే కడుతున్నారు. అది వారం వారం కూడుకునే చర్చి కాదు, ప్రత్యేకమైన పవిత్ర విధుల కోసం వెళ్ళే మందిరం. 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు, 2020 డిసెంబరు 2న పనులు మొదలయ్యాయి. దేశంలో ఒక్కటీ లేదు కాబట్టి అప్పట్లో దేవాలయానికి వెళ్ళాలంటే పాస్‌పోర్టు, వీసా, విమానం టిక్కెట్లు కావాల్సిందే. అప్పటికే మావాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్నారు. "కడుతున్నారు నాన్నా, అయ్యాక మీరే వద్దురుగాని" అన్నాను. అప్పుడు అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కానీ అది మమ్మల్ని కుంగదీసే ఏడుపు కాదు. అమ్మమ్మ వెనక నుంచి "తిన్నావా లేదా?" అని అరుస్తూనే ఉంది. గులాబీ పువ్వులు నేనే వేశానంటే నమ్మలేదు. అచ్చు నూనెలో కాగాలని నేనే చెప్పాక నమ్మింది.

2023 డిసెంబరుకి నేను విశాఖపట్నం నుంచి కొత్తగా వచ్చిన సిస్టర్‌కి కంపానియన్‌ని. నెల మొదట్లోనే 'మీ ఇంట్లో నీ పనేంటి' అని అడిగాను. క్రీస్తు పుట్టిన పశువుల పాక బొమ్మను గడ్డితో కట్టడమట. శివాజీనగర్‌లో తిరిగి గడ్డి, అట్టలు, రంగు కాయితాలు తెచ్చుకున్నాం. ఆ అమ్మాయి గది మధ్యలో కూర్చుని కట్టింది. ఆ రెండో క్రిస్మస్ గురించి రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు, అంత హాయిగా గడిచిపోయింది.

పిల్లలు మిషన్‌లో ఉన్న అమ్మానాన్నలకు నేను చెప్పేవి కొన్నే. డిసెంబరులో ఫోను చేసినప్పుడు ఇంట్లో జరుగుతున్న పనులన్నీ వీడియోలో చూపించకండి. వాళ్ళు అక్కడ ఏం చేస్తున్నారో ముందు అడగండి. క్రిస్మస్ రోజు ఫోను మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టుకోండి. పొద్దున్నే మాట్లాడితే రోజంతా మనసు ఇంటి మీదే ఉంటుంది. పార్సిల్ పంపేటట్టయితే నెల మొదటి వారంలోనే పంపండి, పండగ రద్దీలో ఆలస్యమవుతుంది. అందులో చేసినవి కొన్ని, చేసుకునేవి కొన్ని పెట్టండి. రెండో ఏడాది మా అమ్మ జంతికల గొట్టం, అరకిలో వాము పంపింది. అరకిలో వాము ఎందుకని అడిగితే, "అక్కడ ఎంతమందికి చెయ్యాలో ఏంటో" అంది.